గోడ దాటే గాలి

మా అన్నగారు కాతిబ్. ఛత్తా బజారులో నలభై ఏళ్ళకు పైగా కలం పట్టిన మనిషి. పెళ్ళి శుభలేఖలు, మదరసాల సనదులు, మసీదు గోడల మీది అక్షరాలు, కంప్యూటరు రాకముందు ఉర్దూ పుస్తకాలకు పుస్తకాలే ఆయన చేతి మీదుగా అచ్చుకు వెళ్ళాయి. 2021 రంజాన్ మాసం, పదకొండో ఉపవాసం నాటి సాయంత్రం ఆయన మంచం మీద దిండుకు ఆనుకొని మాతో మాట్లాడుతున్నారు. జ్వరం మొదలై అప్పటికి ఎనిమిది రోజులు. పరీక్షలో కరోనా అని తేలింది. అయినా జ్వరం తగ్గుముఖం పట్టింది, దగ్గు కూడా అంతగా లేదు. గది గుమ్మం బయట కుర్చీ వేసుకొని మేము కూర్చున్నాము. పాత శిష్యుడొకడు 'నూన్' అక్షరాన్ని ఎంత వికారంగా గీసేవాడో వేలితో గాలిలో గీసి చూపి ఆయన నవ్వారు. మేమూ నవ్వాము.

ఆయన చిన్నమ్మాయి అప్పుడు వైద్య కళాశాలలో మూడో సంవత్సరం చదువుతోంది. రెండు రోజులుగా ఆమెది ఒకటే మాట: వేలికి తగిలించే ఆక్సిమీటరును ఎక్కడైనా సంపాదించాలని. మందుల దుకాణాల్లో అవి దొరకడం లేదు, దొరికిన చోట ధర నాలుగింతలు. "ఇంత చక్కగా మాట్లాడుతున్న మనిషికి ఊపిరి చాలడం లేదంటే ఎవరైనా నమ్ముతారా తల్లీ!" అని ఆమెను వారించింది మేమే. ఇంటికి పెద్దవారము, నలుగురికి పాఠం చెప్పేవారము. మా మాటను ఆ పిల్ల కాదనలేకపోయింది.

ఆ సాయంత్రం పక్క గల్లీలో ఎవరి దగ్గరో అడిగి ఆ యంత్రాన్ని తెచ్చింది. తండ్రి వేలికి పెట్టింది. 81 అని చూపింది. యంత్రం పాడైందేమోనని తన వేలికి పెట్టుకుంటే 98. మళ్ళీ తండ్రి వేలికి పెడితే 81, ఆ తరువాత 80. "చాచా, అబ్బాను ఇప్పుడే తీసుకువెళ్ళాలి" అన్నది. భాయిజాన్ ఇంకా నవ్వుతూనే, "ఏం మౌల్వీ సాబ్, నా కూతురు నన్ను పరీక్షలో తప్పించిందా?" అని అడిగారు.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయము. తొమ్మిది గంటలకే కర్ఫ్యూ. మూడు ఆసుపత్రులు మంచం లేదన్నాయి. సహరీ వేళకు మొహల్లా కుర్రవాళ్ళు ఎక్కడి నుంచో ఒక సిలిండరును ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. అల్లాహ్ వారి తల్లిదండ్రులను చల్లగా చూడాలి. మరునాడు మధ్యాహ్నం ఒక ఆసుపత్రిలో చోటు దొరికింది. పందొమ్మిది రోజులు ఉన్నారు. ఈద్ నాడు ఆయన ఆసుపత్రిలో, మేము ఆసుపత్రి ఎదుటి ఫుట్‌పాత్ మీద.

ఆ పందొమ్మిది రోజులూ మమ్మల్ని తొలిచిన ప్రశ్న ఒకటే. గొంతు పిసికితే మనిషి పెనుగులాడతాడు. నీటిలో తల ముంచితే మూడు నిమిషాలు తాళలేడు. మరి రక్తంలో ప్రాణవాయువు ఇంతగా పడిపోయిన మనిషి 'నూన్' వంకరల గురించి ఎలా నవ్వగలిగాడు? చూసే కళ్ళు మావే, వినే చెవులు మావే. అవి మమ్మల్ని ఎక్కడ మోసగించాయి? ఆయన ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం డాబా మీద మా అన్నకూతురిని కూర్చోబెట్టి, "మాకు అలిఫ్, బే నుంచి చెప్పమ్మా" అన్నాము. పాఠం చెప్పించుకోవడానికి మనిషికి వయసుతో పని లేదు. ఆమె చెప్పిన దానికి, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాము. మాలాగే కంటినే నమ్ముకొనే పెద్దలు ప్రతి ఇంటా ఉంటారు కాబట్టి.

ఊపిరితిత్తులు ఖాళీ సంచుల వంటివని మేము అనుకునేవారము. అవి స్పాంజి వంటివట. గాలి గొట్టాలు చీలి చీలి చివరకు వాయుగోణులనే బుడగలవుతాయి. ఒక మనిషిలో అవి ముప్పై కోట్లకు తక్కువ ఉండవు. వాటన్నిటి లోపలి గోడలనూ విప్పి నేల మీద పరిస్తే సుమారు డెబ్బై చదరపు మీటర్లు, అంటే ఎనభై గజాల పైమాట. మా పాతనగరంలో ఎనభై గజాల జాగాలో మూడు తరాలు కాపురం చేస్తాయి. అంత జాగాను ప్రభువు పక్కటెముకల గూటిలో మడిచి పెట్టాడు.

ఆ బుడగకు ఒకవైపు గాలి, మరోవైపు రక్తం. రెంటికీ నడుమ గోడ మందం తల వెంట్రుక మందంలో నూరోవంతు. గాలిలోని ఆక్సిజన్ ఆ గోడను దాటాలి. దాటడమంటే ఏమిటో మా అన్నకూతురు కాగితం మీద గీసి చూపింది. మొదట బుడగ లోపల పల్చని తడి. తరువాత బుడగ గోడలోని కణం. కణానికి ఇటు ఒక పొర, అటు ఒక పొర. ఆ తరువాత రక్తకేశనాళిక గోడలోని కణం, దానికీ అటూ ఇటూ పొరలే. అది దాటితే రక్తపు నీరు. దానిలో తేలే ఎర్ర రక్తకణానికి మరో పొర. మొత్తం ఐదు పొరలు. పొర అంటే ఏమిటనుకున్నారు? మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా పల్చనైన కొవ్వు. దానికి పేరు కణత్వచం.

ఇక్కడే మాకు మొదటి ఆశ్చర్యం. ఆ కొవ్వు పొర అందరినీ రానివ్వదు. చక్కెర లోపలికి పోవాలంటే దానికి వేరే ద్వారం ఉండాలి, ఆ ద్వారం వద్ద కావలి ఉండాలి. ఉప్పుకు వేరే ద్వారాలు. నీటికి కూడా ప్రత్యేకమైన ద్వారాలున్నాయని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్సిజన్‌కు మాత్రం ద్వారం లేదు, దర్వాన్ లేడు, మోసే కూలీ లేడు. అది చాలా చిన్నది, దానికి విద్యుదావేశం లేదు, పైగా నీటిలో కన్నా కొవ్వులో అది ఎక్కువగా కరుగుతుంది. అందుచేత గోడలో కరిగి, గోడ గుండానే అటువైపు తేలుతుంది.

దాన్ని తోసేది ఎవరు? ఎవరూ తోయరు. అత్తరు సీసా మూత తీసి గది మూలన పెడితే కాసేపటికి రెండో మూలకు వాసన వస్తుంది గదా! అత్తరు కణాలకు దారి తెలియదు, ప్రతి కణమూ దిక్కూ దరీ లేకుండా తిరుగుతుంది. సీసా వైపు అవి ఎక్కువ ఉన్నాయి గనుక అటు నుంచి ఇటు వచ్చేవి ఎక్కువ, ఇటు నుంచి అటు పోయేవి తక్కువ. లెక్క తేలేసరికి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి ప్రయాణం జరిగినట్టవుతుంది. దీన్నే వ్యాపనం అంటారు. వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం. ఊపిరితిత్తికి వచ్చే అలసిన రక్తంలో అది 40. వందకూ నలభైకీ మధ్యనున్న ఆ వాలే దాని బలమంతా. ఎర్ర రక్తకణం ఆ బుడగ పక్కన గడిపేది సెకనులో ముప్పావు వంతు. నిండడానికి అందులో మూడోవంతు చాలు. మిగిలినది కరుణామయుడు మనకిచ్చిన వెసులుబాటు.

అయితే ఈ ప్రయాణానికి ఒక షరతు ఉంది. గోడ పల్చగా ఉండాలి. వ్యాపనంలో దూరం పదింతలైతే పట్టే కాలం నూరింతలు. నిశ్చలమైన నీటిలో ఆక్సిజన్ మిల్లీమీటరులో వెయ్యోవంతు దూరాన్ని కనురెప్ప కదిలే లోపు దాటేస్తుంది. మిల్లీమీటరు దూరానికి నాలుగు నిమిషాలు కావాలి. సెంటీమీటరుకు ఏడు గంటలు. మీటరు పోవాలంటే ఎనిమిదేళ్ళు! ఛాతీ నుంచి కాలి బొటనవేలికి ఆక్సిజన్ తనంతట తాను వెళ్ళవలసి వస్తే మనిషి బతకడు. అందుకే దూరాలకు రక్తం, చివరి గోడకు మాత్రం వ్యాపనం.

రక్తం ఊపిరితిత్తుల గుండా పోయి గాలిని కలుస్తుందన్న సంగతిని మొదట రాసిపెట్టిన వారు మా వంటి మదరసా ముదర్రిస్ అని తెలిసినప్పుడు మా ఆనందానికి హద్దు లేకపోయింది. ఇబ్న్ అన్-నఫీస్ 1213లో డమాస్కస్ ప్రాంతంలో పుట్టారు, 1288లో కైరోలో మరణించారు. వైద్యుడు, దానితో పాటు షాఫయీ ఫిఖ్ బోధకుడు. కైరోలోని మస్‌రూరియ్యా మదరసాలో పాఠం చెప్పేవారు. పోతూ పోతూ తమ ఇంటినీ గ్రంథాలనూ అక్కడి మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చిపోయారు.

అంతకు వెయ్యేళ్ళ ముందు నుంచి వైద్యులు నమ్మినది వేరు. గుండె కుడి గదికీ ఎడమ గదికీ మధ్య గోడలో కంటికి కానరాని రంధ్రాలున్నాయనీ, రక్తం వాటి గుండా జారుతుందనీ గాలెన్ చెప్పాడు. ఇబ్న్ సీనా అంతటి వారు కూడా ఆ మాటనే అనుసరించారు. ఇబ్న్ అన్-నఫీస్, ఇబ్న్ సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ దళసరిది, దానిలో రంధ్రాలు లేవు అని తేల్చారు. రక్తం కుడి గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళి, అక్కడ గాలితో కలిసి, ఎడమ గదికి తిరిగి వస్తుందని చెప్పారు. ఊపిరితిత్తికి పోయే నాళానికీ, దాని నుంచి వచ్చే నాళానికీ నడుమ సన్నని మార్గాలు ఉండితీరాలని కూడా ఊహించారు. ఆ మార్గాలను కంటితో చూసినవాడు ఇటలీకి చెందిన మల్పీఘీ. 1661లో, సూక్ష్మదర్శిని కింద, కప్ప ఊపిరితిత్తిలో.

షర్హ్‌లూ హాషియాలూ చదివి చదివించే మాకు ఇందులో మరో రుచి ఉంది. గురువు గ్రంథాన్ని కళ్ళకద్దుకుంటూనే, ఒక చోట ఆగి, ఇది ఇలా కాదు అని మర్యాదగా చెప్పగలగడం మా చదువులోని గొప్ప సంప్రదాయం. దానిని మా విద్యార్థులకు నేర్పుతామంటాము గానీ, మా ఇంట్లో పిల్ల మా మాటను కాదనబోతే మేమే నోరు మూయించాము.

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. మన సభల్లో కొందరు వక్తలు ఇబ్న్ అన్-నఫీస్ ఆక్సిజన్‌ను కూడా కనిపెట్టారన్నట్టు మాట్లాడుతారు. అది నిజం కాదు. గాలిలో ఫలానా వాయువు ఉన్నదని తెలిసింది 1770ల తరువాతే. ఆయనకు తెలిసినది దారి మాత్రమే. ఆ ఘనత చాలదా? లేనిది చేర్చడం ఆయనకు గౌరవం కాదు. ఆయన రాసిన ఆ పుటలు కూడా శతాబ్దాల పాటు మరుగున పడి, 1924లో జర్మనీలో చదువుతున్న ముహ్యిద్దీన్ అత్తతావీ అనే ఈజిప్టు వైద్యుడి కంట బెర్లిన్ గ్రంథాలయంలో పడ్డాయి. మనవారి వ్రాతప్రతిని మనవాడే పరాయి దేశంలో వెతికి చదవవలసి వచ్చింది.

దారి తెలిసింది. గోడను దాటే తీరు మాత్రం మరో వివాదమైంది. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో కూడా డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్, ఇంగ్లండులో హాల్డేన్ వంటి ఉద్దండులు, ఊపిరితిత్తులు గ్రంథులు రసాన్ని స్రవించినట్టు ఆక్సిజన్‌ను పని గట్టుకొని రక్తంలోకి తోస్తాయని వాదించారు. బోర్ వద్దనే చదివి, ఆయన వద్దనే పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, ఆయన భార్య మరీ క్రోగ్ కలిసి కొలతలు తీశారు. గాలిలోని పీడనం కన్నా రక్తంలోని పీడనం ఎన్నడూ ఎక్కువ కాలేదు. 1910లో, తోసేవారెవరూ లేరు, వాలు ఒక్కటే చాలు అని ప్రకటించారు. ఇక్కడా శిష్యుడు గురువును కాదన్నాడు. కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్ అనే ఆచార్యుడు 1920లో ఒక గాజు గదిలో ఆరు రోజులు పడుకొని, ఆక్సిజన్‌ను తగ్గించుకుంటూ పోయి, తన ధమని నుంచి రక్తం తీయించి చూపాడు. వాలే గెలిచింది.

గోడ కొవ్వుతో చేసినదని తెలిసిన కథలో మన హైదరాబాదు ప్రసక్తి కొంత ఉంది. అఫ్జల్‌గంజ్ వద్ద మూసీ ఒడ్డున ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట పూర్వం మరో ఆసుపత్రి ఉండేది. 1908 వరదలో అది దెబ్బతిన్నది. 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్య పాఠశాలలో మొదట ఉర్దూలోనే వైద్యం నేర్పేవారు. ఆ పాఠశాలకు ప్రధానాచార్యుడైన ఎడ్వర్డ్ లారీ, శస్త్రచికిత్సలో మత్తు కోసం పీల్పించే క్లోరోఫారం వల్ల రోగులు ఎలా మరణిస్తున్నారన్న విషయంపై 1888లో ఒక పరిశోధనా సంఘాన్ని ఏర్పాటు చేశారు. దాని ఫలితాలను లండన్ వైద్యులు నమ్మలేదు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సొమ్మిచ్చి, లాన్సెట్ పత్రిక ద్వారా లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ణి పిలిపించారు. 1889లో రెండో సంఘం వందలాది జంతువుల మీద పరీక్షలు చేసింది. ముందు ఆగేది ఊపిరి, ఆ తరువాతే గుండె, కాబట్టి మత్తు ఇచ్చేవారు నాడిని కాదు, ఊపిరిని చూస్తూ ఉండాలి అని తేల్చింది. ఆ బడిలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇవ్వడంలో నైపుణ్యం గడించి, ప్రపంచంలోనే ఆ పని చేసిన తొలి మహిళల్లో ఒకరయ్యారు.

క్లోరోఫారం మెదడు కణాలను ఎలా చేరుతుంది? ఆక్సిజన్ చేరినట్టే, కొవ్వు పొరలో కరిగి. 1890లలో జ్యూరిక్‌లో ఎర్నెస్ట్ ఓవర్టన్ అనే పరిశోధకుడు వందలాది పదార్థాలను కణాల మీద పరీక్షించి, కొవ్వులో కరిగేవి తేలికగా లోపలికి పోతున్నాయనీ, కరగనివి బయటే నిలిచిపోతున్నాయనీ గమనించాడు. దానిని బట్టి కణం పొర కొవ్వు వంటిదని ఊహించాడు. ఎంత బాగా కొవ్వులో కరిగితే అంత బలమైన మత్తు అని మేయర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడూ ఓవర్టనూ వేర్వేరుగా చూపారు. 1925లో హాలండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద పరిచి చూశారు. కణాల ఉపరితలానికి అది రెండింతలు పరచుకొంది. అంటే కొవ్వు రెండు వరుసలుగా ఉన్నదన్నమాట.

అఫ్జల్‌గంజ్ సంఘం మాట చదివినప్పుడు మాకు మనసులో ఏదో కలుక్కుమన్నది. ఊపిరిని చూడండి అన్నారు గదా! మేమూ ఊపిరినే చూశాము. భాయిజాన్ ఛాతీ ఎగసిపడలేదు, మాట తడబడలేదు. లారీ గారి తీర్పు కూడా పూర్తిగా నిలవలేదు. క్లోరోఫారంతో కొందరి గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోతుందని 1911లో లెవీ అనే వైద్యుడు చూపాడు. ఊపిరి చక్కగా ఉన్నదని నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలియలేదు, నూట ముప్పై ఏళ్ళ తరువాత మూసీకి ఇవతలి ఒడ్డున మాకూ తెలియలేదు.

ఇక మమ్మల్ని తొలిచిన ప్రశ్నకు జవాబు. గోడకు ప్రయాణికులు ఇద్దరు. లోపలికి పోయేది ఆక్సిజన్, బయటికి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, మా చిన్నప్పటి పాఠంలో బొగ్గుపులుసు వాయువు. ఈ రెండోది తడిలో ఎంతో సులభంగా కరుగుతుంది. అందుచేత ఆక్సిజన్ కన్నా ఇరవై రెట్లు తేలికగా గోడను దాటుతుంది. వ్యాధి వచ్చి కొన్ని బుడగలు నీరు పట్టి, గోడలు వాచినప్పుడు ముందు చిక్కుబడేది ఆక్సిజనే. బొగ్గుపులుసు వాయువు తన దారిన తాను పోతూనే ఉంటుంది. అంతేకాక, మిగిలిన మంచి బుడగలు కొంచెం ఎక్కువ గాలి ఆడిస్తే చాలు, చెడిన బుడగలు పంపలేని బొగ్గుపులుసు వాయువును కూడా అవి బయటికి పంపేయగలవు. ఆక్సిజన్ విషయంలో ఆ సాయం సాగదు. మంచి బుడగ పక్కగా పోయే రక్తం ఎలాగూ నిండే పోతుంది. నిండిన కుండలో ఇంకా ఎంత పోస్తే మాత్రం ఏం లాభం?

మనకు ఊపిరాడడం లేదనే బాధను ప్రధానంగా కలిగించేది ఆక్సిజన్ లేకపోవడం కాదట, బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవడమట. ఇది మాకు రెండో ఆశ్చర్యం. గొంతు పిసికినప్పుడు పెనుగులాడేది దాని వల్లనే. ఆక్సిజన్ తగ్గుదలను పసికట్టే ఏర్పాటు కూడా శరీరంలో ఉన్నది గానీ, అది ఆలస్యంగా మేల్కొంటుంది. కనుక భాయిజాన్ రక్తంలో ప్రాణవాయువు తరిగిపోతున్నా, బొగ్గుపులుసు వాయువు సక్రమంగా బయటికి పోతూ ఉండడం వల్ల ఆయన మెదడుకు ఫిర్యాదు అందలేదు. వైద్యులు చెప్పే కారణాలు మరికొన్ని ఉన్నాయి. మాకు అర్థమైనంతలో ముఖ్యమైనది ఇదే. ఆయన మాకు అబద్ధం చెప్పలేదు. ఆయన శరీరమే ఆయనకు చెప్పలేదు.

ఆ యంత్రం చూసినది మాకు కనబడనిదాన్ని. ఆక్సిజన్‌తో ఉన్న రక్తం ఒక రకం ఎరుపు, లేనిది మరో రకం. వేలి గుండా ఎర్రని కాంతినీ, కంటికి కనబడని పరారుణ కాంతినీ పంపి, ఏది ఎంత బయటికి వచ్చిందో పోల్చి అది లెక్క కడుతుంది. నాడి కొట్టుకునే రక్తాన్ని మాత్రమే వేరు చేసి చూసే కిటుకును 1970లలో కనిపెట్టినది జపానుకు చెందిన తకువో ఆయోయాగి. 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా ప్రపంచమంతా ఆయన యంత్రం కోసం పరుగులు తీస్తున్న వేళ, ఆయన కన్నుమూశారు. దాని చూపూ లోపం లేనిది కాదు. చేతులు చల్లబడినా, గోటి మీద ముదురు రంగు ఉన్నా లెక్క తప్పవచ్చు. అందుకే ఒక్కసారి కాక, వేలు మార్చి, కాసేపు ఆగి, మళ్ళీ చూడాలని మా అన్నకూతురు అంటుంది.

సిలిండరు ఏం చేసింది? వాచిన గోడను అది పల్చబరచలేదు. వాలును పెంచింది. మామూలు గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే. ముసుగు ద్వారా దాదాపు అచ్చమైన ఆక్సిజన్ ఇస్తే, గాలి ఆడుతున్న బుడగల్లో పీడనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గోడ మందమైనా, వాలు నిటారుగా ఉంటే కొంతైనా అవతలికి చేరుతుంది. బోర్లా పడుకోబెట్టడం కూడా అలాంటి ఉపాయమే. వీపు వైపున నొక్కుకుపోయిన బుడగలు తెరుచుకొని, గోడ వైశాల్యం పెరుగుతుంది. నీటితో పూర్తిగా నిండిన బుడగకు మాత్రం ఎంత ఆక్సిజన్ ఇచ్చినా చేరదు. అక్కడ శరీరమే నీటిని తీసేసుకోవాలి. అందుకు రోజులు పడతాయి. ఆ రోజులను గడిపించడానికే ఆ పందొమ్మిది రోజులు.

ఇంత చెప్పి, ఎర్ర రక్తకణం సంగతి చెప్పకపోతే మనసొప్పదు. ఒక్కో కణంలో హీమోగ్లోబిన్ అణువులు ఇరవై ఏడు కోట్ల దాకా ఉంటాయి. ఒక్కొక్కటి నాలుగేసి ఆక్సిజన్ అణువులను పట్టుకుంటుంది. అంత మోస్తున్న ఆ కణం తాను మాత్రం ఆక్సిజన్‌ను వాడుకోదు. దాన్ని వాడుకొనే మైటోకాండ్రియా దానిలో లేనే లేవు. చక్కెరను పులియబెట్టుకొని ఆ కొద్దిపాటి శక్తితోనే గడుపుకుంటుంది. అమానతు అనే మాటకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు మేము ఇప్పుడు తరగతిలో ఈ ఉదాహరణ ఇస్తున్నాము. పిల్లలు దీన్ని మరిచిపోరు.

అది అవయవాలకు చేరాక మళ్ళీ అదే కథ, తిరగేసి. అక్కడి కణాల్లో ఆక్సిజన్ తక్కువ, రక్తంలో ఎక్కువ. మళ్ళీ కొవ్వు పొరలు, మళ్ళీ వాలు. చివరికి మైటోకాండ్రియాలో అది ఖర్చయి, ఏటీపీ అనే శక్తి పదార్థం తయారవుతుంది. ఆ ఏటీపీని 1929లో గుర్తించిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కణం ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తూ ఉండడం వల్లనే ఆ చివర అది ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. ఆ తక్కువే మిగతా ప్రయాణమంతటినీ లాగుతుంది. వాడకం ఆగిననాడు వాలు ఉండదు, రాక ఉండదు.

భాయిజాన్ ఊపిరితిత్తుల్లో కొన్ని గోడలు మచ్చకట్టాయి. అవి ఇక పల్చబడవని వైద్యులు చెప్పారు. కూర్చొని ఉన్నంతసేపు యంత్రం 95 చూపుతుంది. మెట్లు ఎక్కితే 88కి దిగుతుంది. ఎక్కుతున్నప్పుడు రక్తం వేగంగా పరిగెత్తుతుంది, గోడ పక్కన దానికి దొరికే క్షణం తగ్గిపోతుంది, దళసరి గోడకు ఆ క్షణం చాలదు. మొదట చెప్పిన వెసులుబాటు ఆయనకు ఇక లేదన్నమాట. అందుకని దుకాణాన్ని మేడ మీది నుంచి కిందికి దించాము.

మా అన్నకూతురు ఇప్పుడు డాక్టరు. ఆ రెండు రోజుల గురించి ఆమె మమ్మల్ని ఒక్కమాట కూడా అనలేదు. మేము క్షమాపణ అడగబోతే, "చాచా, నేనూ గట్టిగా చెప్పలేదు" అని మాట మార్చింది. అలా అనడం ఆమె మంచితనం. ఆమె గట్టిగానే చెప్పింది.

పోయిన నెల ఆయన మా మదరసాకు ఒక సనదు రాయడానికి ఒప్పుకున్నారు. ఖుష్‌నవీసులు పొడవైన గీత లాగేటప్పుడు చెయ్యి వణకకుండా ఊపిరి బిగబడతారు. కలం ఎత్తే దాకా వదలరు. 'బే'ను సాగదీసి రాసే ఆ పొడవైన కషీదాను చిన్నప్పుడు మేము ఆయన పక్కన కూర్చొని, మేమూ ఊపిరి బిగబట్టి చూసేవారము. మొన్న ఆయన కలాన్ని సిరాలో ముంచి, గీతను మొదలుపెట్టి, సగంలో ఆగారు. కలం ఎత్తి రెండుసార్లు ఊపిరి తీసుకున్నారు. మళ్ళీ అదే చోట మొన ఆనించి, మిగతా సగం లాగారు. అతుకు ఎక్కడుందో మాకు కనబడలేదు. "ఇక్కడ" అని ఆయనే గోటితో చూపించారు.